కంచం చప్పుడు

కుక్కపిల్లకి పుట్టినప్పుడు చెవులు వినపడవట. రెండు వారాలు దాటితే గానీ తెరుచుకోవట. ఈ ముక్క మొన్న మా ఎదురు ఫ్లాటులో పశువుల డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళ కుక్క ఈనుతోంది, మీరు పెద్దవారు కదా, కాస్త తోడు రండి అని ఆ ఇంటి అమ్మాయి పిలిస్తే వెళ్ళాను. మూడు పిల్లలు బాగానే పుట్టాయి. నాలుగోది కదల్లేదు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు, "కంచం తెండి, చెవి దగ్గర మోగించండి" అన్నాను. డాక్టరమ్మ నవ్వి, "దానికి వినపడదు కదా ఆంటీ, తువ్వాలుతో రుద్ది వెచ్చగా పెట్టుకోవాలి, అంతే" అంది.

అంతేనట! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ డాక్టరమ్మ మీద కాదు. ఎప్పుడో పోయిన మా మామ్మ మీద, నాన్న మీద, అమ్మ మీద. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ మాట అనేవాళ్ళ మీద కూడా నాకు కోపమే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రాజధాని హైదరాబాదుకి మారినప్పుడు నాన్న ఆఫీసుతో పాటు మేమూ కోస్తా నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక వీధిలో ఒక లోగిలిలో దిగాం. మాది రెండు గదుల వాటా. ఇంటివాళ్ళు తరతరాలుగా ఈ ఊరివాళ్ళు. ఇంటాయనకి ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, మిరపకాయల టోకు దుకాణం. ఖాళీ గోనెసంచులన్నీ మేడమెట్ల కింద పడేసేవారు. అందుకని ఆ లోగిలిలో అడుగుపెడితే చాలు, ముందు బెల్లం వాసన, ఆ వెనకే మిరప ఘాటు, గాలి ఇటు తిరిగిందంటే రైలింజను బొగ్గు వాసన. మా అమ్మ తుమ్ముతూనే ముగ్గులు పెట్టేది.

వచ్చిన వారానికే నేను అద్దెని కిరాయి అనడం, ఆసుపత్రిని దవాఖాన అనడం నేర్చేసుకున్నాను. మా మామ్మకి అది గిట్టేది కాదు. ఇంటామె "ఔ పెద్దమ్మా" అంటే, ఆవిడ అటు వెళ్ళగానే "ఔ ఏమిటే, పిల్లి కూసినట్టు" అని మూతి తిప్పేది. మళ్ళీ ఇంటామె ఇచ్చిన కొత్త బెల్లంతో అరిసెలు చేసి, మొదటి వాయి ఆవిడకే పంపేది. వాళ్ళ స్నేహం అలాంటిది.

మెట్ల కింద ఆ గోనెల మీదే ఎర్ర కుక్క ఉండేది. స్టేషను వైపు నుంచి ఎప్పుడో వచ్చి చేరిందట. లోగిల్లో ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో పేరు పెట్టారు. అది దేనికీ పలికేది కాదు. నేను పేరు పెట్టలేదు, అందుకే నా దగ్గరికి వచ్చేదనుకుంటాను. ఆదివారాలు నాన్న ఆబిడ్స్ నుంచి పొట్లంలో తెచ్చే బేకరీ బిస్కట్లలో నా వాటా రెండయితే, ఒకటి నా గౌను జేబులోకీ, అక్కణ్ణుంచి దాని నోట్లోకీ పోయేది. మామ్మ పెరుగన్నం కలిపి అటు తిరిగిందా, ఒక ముద్ద మాయం. "ఈ ఊరి కాకులకి కూడా సిగ్గు లేదు" అని తిట్టేది మామ్మ. కాకుల తరఫున నేను నవ్వుకునేదాన్ని.

మా మామ్మకి మడి అంటే మామూలు మడి కాదు. మా గుమ్మానికి అవతల కుక్క నీడ పడినా చెంబెడు నీళ్ళు చల్లేది. ఆవిడ వంట గిన్నెలు వేరు, నీళ్ళబిందె వేరు, ఒక ఇత్తడి కంచం వేరు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన కంచమట. దాన్ని అమ్మ కూడా ముట్టుకోకూడదు. చింతపండుతో తోమి, ఎండలో బోర్లించి, తనే లోపల పెట్టుకునేది.

అదే మామ్మ పురుళ్ళ విషయంలో పెద్ద డాక్టరు. లోగిల్లో ఎవరికి నెల తప్పినా మధ్యాహ్నాలు వచ్చి మామ్మ దగ్గర కూచునేవారు. బియ్యంలో రాళ్ళేరుతూ ఆవిడ చెప్పేది, వాళ్ళు వినేవారు. పక్కన గవ్వలాడుతున్నట్టు నటిస్తూ నేనూ వినేదాన్ని. బాలింతకి కాయం ఎలా వండాలి, శొంఠి ఎంత, మిరియం ఎంత, పిల్ల నీలంగా పుడితే ఏం చెయ్యాలి. "పిల్ల కేరుమనకపోతే భయపడిపోకండర్రా. ఇత్తడి కంచం తెచ్చి చెవి దగ్గర టంగుమని మోగించాలి. ఆ అదురుకి ప్రాణం లేచొస్తుంది" అనేది. అందరూ తలలూపేవారు. నేనూ ఊపాను. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. చెప్పింది ఆవిడే.

కార్తీక మాసం. చలి బాగా పడుతోంది. నాలుగు రోజులుగా ఎర్ర కుక్క తిండి మానేసి గోనెలు గీరుతూ తిరుగుతోంది. శనివారం సాయంత్రం నుంచి నొప్పులు. ఆదివారం తెల్లారి నేను లేచి వెళ్ళేసరికి నాలుక వేలేసుకుని రొప్పుతోంది. ఇంటామె పక్కన కూచుని దాని కడుపు నిమురుతోంది.

"జర దూరం జరుగు బిడ్డా. రాత్రికెల్లి తిప్పలు పడుతున్నది. పిల్ల అడ్డం తిరిగినట్టున్నది" అంది.

కాసేపటికి మొదటి పిల్ల వచ్చింది. పెద్దది. చచ్చే పుట్టింది. ఇంటామె దాన్ని గుడ్డలో చుట్టి అటు పెట్టింది. కుక్క లేవలేదు, వాసన కూడా చూడలేదు. కడుపులో ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఇంటామె లేచి, మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. వాళ్ళాయన సరుకు కోసం ఊరెళ్ళాడు. ఆడమనిషి ఒక్కతీ కుక్కని వేసుకుని రిక్షా ఎక్కే రోజులు కావవి.

"సార్, జర రిక్షా మాట్లాడి జానవర్ల దవాఖానకు తీస్కపోండి. గట్లనే ఇడిచిపెడితే సచ్చిపోతది. పైసలు నేనిస్త" అంది.

నాన్న పేపరు దించాడు. "కుక్కని పక్కన కూచోబెట్టుకుని రిక్షాలో వెళ్తే నలుగురూ నవ్వుతారండీ. దాని పురుడు అదే పోసుకుంటుంది. అడవిలో జంతువులకి డాక్టర్లున్నారా?" అన్నాడు.

నాంపల్లి అడవా నాన్నా? వీధి చివర రైలు కూస్తుంటే అడవేమిటి? అని నేను అడగాల్సింది. అడగలేదు. నలుగురూ నవ్వుతారట! ఆ నలుగురెవరో జీవితమంతా వెతికాను, నాకు ఒక్కడూ కనపడలేదు. ఇంటామె వెనక్కి తిరిగింది. "దానికి పాలల్ల బెల్లమేసి తెస్త. నువ్వు గీడనే కూసో, ముట్టకు" అని నాతో చెప్పి లోపలికి పోయింది.

ఆవిడ అటు వెళ్ళింది, రెండో పిల్ల ఇటు వచ్చింది.

ఉమ్మనీటి సంచిలోంచి బయటికి రాకుండా, తడి ఉల్లిపొరలో చుట్టినట్టు ఉంది. తల్లి నాకాలి కదా, పొర చింపాలి కదా. దానికి తల ఎత్తే ఓపికే లేదు. నా వైపు చూసింది. కుక్కలు చూస్తే ఏదో చెప్పినట్టుంటుందని రాయడం నాకిష్టం లేదు, కానీ చూసింది. నేను గోళ్ళతో పొర చింపాను. బొడ్డు దానంతటదే తెగింది. ఒళ్ళంతా గౌనుతో రుద్దాను, మూతి తుడిచాను. ఎర్రటి మూతి, చిన్న చింతపిక్కంత. ఊపిరి లేదు. ఇంకా రుద్దాను. లేదు.

అప్పుడు నాకు మామ్మ చెప్పింది గుర్తొచ్చింది. పిల్లని గౌను మడతలో వేసుకుని లోపలికి పరుగెత్తాను. మామ్మ దొడ్డి వైపు తులసి దగ్గర ఉంది. వంటింటి కిటికీలో ఎండకి బోర్లించిన ఇత్తడి కంచం తీసుకుని మళ్ళీ మెట్ల కిందికి వచ్చాను. ఒక చేత్తో పిల్లని ఒళ్ళో రుద్దుతూ, ఇంకో చేత్తో కంచాన్ని మెట్టు రాతికేసి టంగుమని కొట్టాను. టంగు, టంగు, టంగు. లోగిలంతా మోగిపోయింది.

పిల్ల నోరు తెరిచింది.

నిజం చెప్తున్నాను, తెరిచింది. పొట్ట ఎగిరింది. గుండుసూదంత గొంతుతో కీమంది. నా అరచేతిలో వెచ్చగా, తడిగా కదిలింది. ఆ క్షణంలో నా అంత గొప్పది నాంపల్లిలో ఎవ్వరూ లేరు. "మామ్మా, బతికింది! నువ్వు చెప్పినట్టే చేశా!" అని అరిచాను. శెభాష్ అంటుందనుకున్నాను, వెర్రిదాన్ని.

మామ్మ తడిచీరతో పరుగెత్తుకొచ్చింది. మడి కట్టుకుని అంత వేగంగా నడవడం ఎప్పుడూ చూళ్ళేదు నేను. కంచం చూసింది, నా గౌను చూసింది, నా చేతులు చూసింది. మొహం తెల్లబోయింది.

"ఓసి అప్రాచ్యపుదానా! ఆ కంచమా? కార్తీక మాసంలో కుక్క పురిటి మైలా ఇంట్లోకి తెచ్చావు? దింపు దాన్ని. దింపుతావా లేదా?"

"వెచ్చగా పెట్టకపోతే చచ్చిపోతుంది మామ్మా."

"తల్లి చూసుకుంటుంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదు, తెలుసా? చేజేతులా చంపుతావా?"

ఈలోగా అమ్మ వచ్చింది. అమ్మకి మామ్మంటే భయం. ఏమీ అడక్కుండా నా రెక్క పుచ్చుకుంది. గోనెలన్నీ తడిసిపోయి ఉన్నాయి. పిల్లని ఎక్కడ పెట్టాలో తోచక తల్లి మూతి దగ్గర షాబాదు బండ మీద పెట్టాను. తల్లి మూడో పిల్లకి నొప్పులు పడుతూ అటు తిరిగిపోయింది. చలికాలం పొద్దున షాబాదు బండ ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెప్పుల్లేకుండా నిలబడలేం.

నన్ను పంపు దగ్గరికి ఈడ్చుకెళ్ళారు. ఊరికే నాలుగు చెంబులు పోస్తే మైల పోదట, తలంటి పొయ్యాలట. కుంకుడుకాయలు కొట్టాలి, వేణ్ణీళ్ళలో నానాలి, పిసకాలి. అంతసేపూ నేను తడిగౌనుతో వణుకుతూ కూచున్నాను. "నన్నొదలండి, ఒక్కసారి చూసొస్తా" అన్నాను. "కదిలావంటే వాతలు పెడతా" అంది అమ్మ. కుంకుడు రసం కళ్ళలో పడింది. ఒకసారి రుద్దారు, చాలలేదు, రెండోసారి రుద్దారు. మామ్మ దూరంగా నిలబడి, "చెవుల వెనక, చెవుల వెనక" అంటోంది. నేను ఏడుస్తుంటే కుంకుడు మంటకి ఏడుస్తున్నాననుకున్నారు. సాంబ్రాణి కూడా వేశారండీ. నా జుట్టుకి సాంబ్రాణి!

వాళ్ళు నన్ను వదిలేసరికి ఇంటామె మెట్ల కింద కూచుని ఉంది. పక్కన పాలగిన్నె. ఆవిడ అరచేతిలో నా పిల్ల.

"పాలు కాగినంక వొచ్చిన బిడ్డా. బండ మీద సల్లగ పడున్నది" అంది.

ముట్టుకున్నాను. మళ్ళీ ముట్టుకున్నాను. మెత్తగానే ఉంది, వెచ్చదనం లేదు. మూడోది కూడా అప్పటికే చచ్చి పుట్టింది. నేను గౌను విప్పి, అంటే అప్పుడే తొడిగిన ఉతికిన గౌను, దాన్ని చుట్టబోతుంటే గుమ్మంలోంచి మామ్మ అంది, "నే చెప్పలా? చెయ్యి తగిలితే బతకదని."

ఇంటామె లేచి నిలబడింది. ఆవిడ గొంతెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఏంది పెద్దమ్మా నువ్వు జెప్పేది? పోరి చేతుల బతికింది, బండ మీద సచ్చింది. గిదేం మడి? పానం పోతుంటే తానం చేపిస్తరా ఎవలన్న?"

మామ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కానీ మధ్యాహ్నానికల్లా లోగిలంతా తెలిసిపోయింది, పోర్షన్ పిల్ల చెయ్యి పెడితే కుక్కపిల్ల చచ్చిందని. ఎవరు చెప్పారో నాకు తెలీదు, కానీ ఇంటామె అయితే కాదు. పిల్లలు నా చేతులకేసి చూసేవారు. ఎవరింట్లోనో పసిపాపని ఎత్తుకోబోతే, "నువ్వొద్దులేమ్మా" అన్నారు. ఆ మాట నా ఒంట్లోకి దిగిపోయింది. ఎంతగా దిగిపోయిందంటే, నా కొడుకు పుట్టినప్పుడు నర్సు తెచ్చి చేతికిస్తుంటే, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ అమ్మాయి బిత్తరపోయింది. అది ఎవరు చేసిన పనో చెప్పండి.

సాయంత్రం నాన్న నన్ను ఆబిడ్స్ తీసికెళ్ళాడు. ఏడ్చిన పిల్లని ఓదార్చడం ఆయనకి తెలిసిన పద్ధతిలో. చేయి పట్టుకుని దుకాణాల అద్దాలన్నీ చూపించాడు, ఐస్‌క్రీం కొన్నాడు. పొద్దున రిక్షా ఎక్కడానికి సిగ్గుపడ్డ మనిషి, తిరుగుదారిలో నా కాళ్ళు నొప్పెడతాయని రిక్షా పిలిచాడు. నేను ఐస్‌క్రీం తిన్నాను. కప్పు అడుగుదాకా గీరి తిన్నాను. ఆ కోపం మాత్రం నా మీదే, ఇప్పటికీ.

ఇంటికొచ్చేసరికి మెట్ల కింద లాంతరు వెలుగుతోంది. మామ్మ అక్కడ గొంతుక్కూచుని ఉంది. ముందు ఆ ఇత్తడి కంచం, అందులో వేడన్నం, శొంఠి, మిరియం, బెల్లం, నెయ్యి. బాలింతకి పెట్టే కాయం అన్నం. ఎర్ర కుక్క కంచం అంచు దాకా నాకుతోంది. మామ్మ దాని వీపు నిమరడం లేదు, కానీ ఈగలు తోలుతోంది.

నాకు కడుపు మండిపోయింది. "నీకన్నీ తెలుసు! కాయం తెలుసు, వెచ్చగా పెట్టాలని తెలుసు. తెలిసే చంపావు!" అన్నాను. నాన్న చెయ్యెత్తాడు. మామ్మ "ఉండరా" అంది.

కంచాన్ని కుక్క దగ్గరికి ఇంకాస్త జరిపింది. తరవాత నా వైపు చూడకుండా అంది.

"నా తొలికాన్పులో మంత్రసాని ఏరు దాటి రావాలి. రాలేదు. పిల్లాణ్ణి నేనే కన్నాను చీకటి గదిలో, ఒక్కదాన్నీ. వాడు ఏడవలేదు. అదీ కార్తీక మాసమే. మా అత్తగారు మడిలో ఉన్నారు, తోడికోడలు మడిలో ఉంది. గుమ్మం అవతల నించుని ఈ కంచమే మోగించారు. మోగిస్తూనే ఉన్నారు. నాకు లేచే ఓపిక లేదు."

"ఏడ్చాడా?" అన్నాను.

"లేదమ్మా."

కుక్క కంచం నాకుతూనే ఉంది. నాకు అప్పుడు తెలిసింది కంచం ఎందుకు మోగిస్తారో. గుమ్మం దాటకుండా, మైల పడకుండా, ముట్టుకోకుండా చెయ్యగలిగిన పని అదొక్కటే.

ఆ చప్పుడు వినబట్టే ఆవిడ అలా పిచ్చిదానిలా పరుగెత్తుకొచ్చి ఉంటుందని, ఆవిణ్ణి తప్పుపట్టకూడదని పెద్దయ్యాక మావాళ్ళు నాకు నచ్చజెప్పారు. కావచ్చు. పాపం అని నేనూ అనుకున్నాను. జాలిపడ్డాను కూడా. కానీ కోపం పోలేదు. తన బిడ్డ ఎలా పోయాడో తెలిసిన మనిషి కదా! నా చేతిలో ప్రాణం కదులుతుంటే ఆ మనిషే "దింపు" అనొచ్చా? తెలియనివాళ్ళు చేశారంటే సరే అనుకోవచ్చు. తెలిసినవాళ్ళు చేస్తే ఏమనుకోవాలి?

ఆ కంచం మళ్ళీ లోపలికి రాలేదు. ఎర్ర కుక్క ఉన్నన్నాళ్ళూ దానిలోనే తింది. మేం ఆ వాటా ఖాళీ చేసేటప్పుడు మెట్ల కిందే వదిలేశాం. ఇప్పుడు ఆ లోగిలి లేదు, మెట్లూ లేవు, గోనెల వాసన లేదు. నాలుగంతస్తుల లాడ్జి లేచింది. అటు వెళ్ళినప్పుడల్లా బెల్లం వాసన కోసం ముక్కు వెతుకుతుంది, డీజిలు తగులుతుంది.

మొన్నటి నాలుగో పిల్ల సంగతి. డాక్టరమ్మ చెప్పినట్టు తువ్వాలులో చుట్టి, నా ఒళ్ళో పెట్టుకుని, పొట్ట మీద వేళ్ళతో రుద్దుతూ కూచున్నాను. ఎంతసేపు రుద్దానో తెలీదు. ముక్కు కదిలింది. నోరు తెరిచింది. అప్పుడే మా కోడలు తలుపు దగ్గరికొచ్చి, "అత్తయ్యా, ఇవాళ కార్తీక సోమవారం, దీపం వేళయింది. స్నానం చేసేయండి" అంది.

"స్నానం తరవాత చేస్తాను. ముందు దీని ఒళ్ళు వెచ్చబడనీ" అన్నాను.

కోడలు సరేనని వెళ్ళిపోయింది. కోప్పడలేదు, వాదించలేదు. దేవుడూ ఏమీ అనలేదు. పిల్ల నా వేలు చప్పరిస్తోంది. అంత చిన్న మాట! ఆ పొద్దున లోగిల్లో మా పెద్దవాళ్ళు ముగ్గురున్నారు. స్నానం తరవాత చేస్తుందిలే అని అమ్మ అనొచ్చు, నాన్న అనొచ్చు, అందరికంటే ముందు మామ్మ అనొచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లని, నేనా అనవలసింది?